నా పేరు దాకా రాని నా వెబ్‌సైటు

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, ఆ రోజుల్లో మా అనంతపురంలో ఇంటర్నెట్టూ కొళాయి నీళ్లూ ఒక్క జాతివే. ఎప్పుడొస్తాయో తెలియదు, వస్తే దారంలా సన్నగా వస్తాయి, బిందె నిండిందనుకునేలోపు ఆగిపోతాయి. రెండింటి దగ్గరా మనుషులు వరుసలో నిలబడేవారు, రెండింటి దగ్గరా నేను గొడవ పెట్టుకునేదాన్ని. (నీళ్ల దగ్గర గెలిచేదాన్ని.) కొత్త శతాబ్దం వచ్చిన ఏడాదో, ఆ మరుసటేడో, నాకు ఇరవై మూడేళ్లప్పుడు, సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకోవాలని నడుం కట్టి, దాన్ని ఏ పనిముట్టుతో కట్టాలన్న ఒక్క విషయం మీద ఊరంతటితో వాదించాను. ఆ వాదనలో నేనెక్కడ ఓడిపోయానో చదివే మీకు ముందే తెలిసిపోతుంది. నాకు మాత్రం ఆఖరిదాకా తెలియలేదు.

క్లాక్ టవరుకు కాస్త ఇవతల, ఒక చెప్పుల దుకాణం పైనున్న మేడ మీద మా కంప్యూటర్ సెంటరు. కింద చెప్పులు కొన్నవాళ్లు పైకొచ్చి వాటినే గుమ్మం బయట విడిచి లోపలికి రావాలి, ఎందుకంటే కంప్యూటర్లకు దుమ్ము పడదు. (దుమ్ము పడని వస్తువుకు అనంతపురంలో పనేమిటన్నది వేరే వాదన, అది కూడా నేను చేశాను.) బీఎస్సీ కంప్యూటర్స్ ముగించి అక్కడ పాఠం చెప్పే ఉద్యోగంలో చేరితే, నాకు టైపింగ్ బ్యాచి అంటగట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాతికమంది వేళ్ల వంక చూస్తూ కూర్చోవడం. నాతో పాటు ఇంకో మాస్టరు ఉండేవాడు. అతని కుడిచెయ్యి మౌసును వదలగా ఎవరూ చూడలేదు, టీ గ్లాసు కూడా ఎడమచేత్తోనే తాగేవాడు. అందుకని నేనే అతనికి మౌసు మాస్టరని పేరు పెట్టాను. పేరు సెంటరంతా పాకింది, అతనికీ తెలిసింది, మా మధ్య స్నేహం ఆ స్థాయిలోనే ఉండిపోయింది.

ఒకరోజు సెంటరు సారు మా ఇద్దరినీ పిలిచి, "వెబ్ డిజైనింగ్ అని కొత్త కోర్సు పెడతాండామప్పా. చెప్పేదానికి ఒక్కరే కావల్ల. వచ్చే ఆదివారం పిల్లోళ్ల తల్లిదండ్రుల్ని పిలిపిస్తాండా. మీరిద్దరూ సొంత సైట్లు చేసి వాళ్ల ముందర చూపించండి. ఎవురిది బాగుంటే బ్యాచి వాళ్లది," అన్నాడు.

మౌసు మాస్టరుకు అది ఒక బ్యాచి మాత్రమే. నాకు అది అనంతపురం మొత్తం. ఎందుకంటే మా నాయన రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. నన్ను ఊరు కాని ఊళ్లో లేడీస్ హాస్టల్లో వదిలేటప్పుడే గడువు పెట్టి వదిలాడు: "ఏడాది చూస్తా పాపా. ఆడ నీకంటూ ఒక పని నిలబడితే సరే. లేకుంటే వచ్చేయి, మా యూనిట్లో ప్యాంట్లకు గుండీలు సరిగ్గా పడినాయా లేదా చూసే మనిషి కావల్ల." ఆ ఏడాదిలో పదకొండు నెలలు పాతికమంది వేళ్ల మీదే గడిచిపోయాయి. వేళ్లు వదిలితే గుండీలు. నా భవిష్యత్తు అప్పుడు అంత విశాలంగా ఉండేది.

ఇక పనిముట్టు సంగతి. వెబ్‌సైటు కట్టడానికి అప్పట్లో మా ముందున్న దార్లు రెండు. ఒకటి, నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి అక్షరమూ, ప్రతి గుర్తూ చేత్తో రాసుకోవడం. రెండోది, ఇంటర్నెట్లో ఊరికే ఇచ్చే తయారీ పేజీలు తీసుకుని, మనక్కావలసిన బొమ్మల్ని మౌసుతో లాగి అతికించుకోవడం. నేను నోట్‌ప్యాడ్ మతం. మౌసు మాస్టరు ఏ మతమో చెప్పక్కర్లేదు.

"ఎందుకు మేడం అంత కష్టం? బొమ్మను పట్టి లాగితే అదే వచ్చి కూర్చుంటాది," అన్నాడు.

"లాగితే వచ్చేది గడ్డి సార్, చదువు కాదు."

"మీరు రాసేసరికి నా సైటు ముసిల్దయిపోతాది."

"నాది ముసిల్దయినా సొంతంగా నడుస్తాది. మీదాన్ని ఎవురో ఎత్తుకొని నడిపించల్ల."

సారు లోపల్నుంచి "మీ ఇద్దరికీ క్లాసుల్లేవా?" అని అరిచేదాకా ఇలా సాగింది. ఆ పట్టుదలతోనే మూడు రోజుల్లో నోట్‌ప్యాడ్‌లో నా పేజీ రాసేశాను. తెల్లటి పేజీ మీద నా పేరు, చదువు, కింద నాలుగు ముక్కలు నా అభిప్రాయాలు. (నాలుగింటిలో మూడు దుమ్ము గురించి.) రెప్ప వేసేలోపు తెరుచుకునేది. అది అక్కడితో ఆపి ఉంటే ఈ కథ రాసే అవసరమే ఉండేది కాదు.

శుక్రవారం సెలవు దొరికితే బస్సెక్కి రాయదుర్గం పోయాను. నాయన వసారాలో కూర్చుని తన పెద్ద కత్తెరకు సాన పెడుతున్నాడు. ఆ కత్తెరను ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. యూనిట్లో ఓనరే అడిగినా ఇచ్చేవాడు కాదు. నేను పక్కన కూర్చుని, వెబ్‌సైటంటే ఏమిటో, పోటీ ఏమిటో, నోట్‌ప్యాడ్ ఎందుకు గొప్పదో అరగంట చెప్పాను. నాయన కత్తెర అంచును బొటనవేలితో చూసుకుంటూ అంతా విన్నాడు.

"అంటే ఇంకొకరు కోసి పెట్టిన బట్ట కాకుండా నువ్వే కోసుకుంటాండావు. అంతే గదా?"

"అంతే నాయనా."

"మంచి పని. కత్తెర మాత్రం ఎవురి చేతికీ ఈయొద్దు పాపా. చెయ్యి మారితే కోత మారుతాది." కత్తెరను గుడ్డలో చుట్టి, "ఏ బాసలో రాసినావు?" అన్నాడు.

"ఇంగ్లీషులో."

"అట్లయితే ఆదివారం నేనొచ్చి ఏం చూసేది? తెల్లగుండాది అని చూసి వచ్చేదా?"

అరగంటగా సాగిన నా ఉపన్యాసం ఎవరు ఆపారా అని అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "తెలుగులో పెడతాలే," అని మాటిచ్చి మళ్లీ బస్సెక్కాను. మాటైతే ఇచ్చాను గాని, మా సెంటరు కంప్యూటర్లలో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. అప్పట్లో తెలుగు అక్షరాలు ఉండేది అచ్చు పనులు చేసే ప్రెస్సుల్లో మాత్రమే. మా అమ్మ తమ్ముడికి అనంతపురం పాతూరులో పెండ్లి కార్డుల ప్రెస్సు ఉంది. శనివారం పొద్దున్నే పోయి ప్రెస్సు మామ ముందు నిలబడ్డాను.

మామ సంతోషంగా కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. నా పేజీ మొత్తం తెలుగులో కొట్టి ఫ్లాపీలో వేసుకుని, సెంటరుకు పరుగెత్తి తెరిచాను. నా పేరు ఉండాల్సిన చోట ఒక డాలరు గుర్తు, రెండు తలకిందుల ప్రశ్నార్థకాలు, తల మీద టోపీ పెట్టుకున్న ఒక ఇంగ్లీషు అక్షరం కనిపించాయి. మామ కంప్యూటరులో ఉన్న అక్షరాలు మా కంప్యూటరులో లేవు కాబట్టి అది తనకు తోచింది చూపిస్తోంది. మౌసు మాస్టరు భుజం మీదుగా వంగి చూసి, "పేరు బాగుండాది మేడం. ఇంటిపేరు డాలరా?" అన్నాడు. ఆ ఫ్లాపీని వాడి నోట్లో పెట్టాలనిపించింది. మళ్లీ పాతూరు పరుగెత్తాను.

మామ విషయమంతా విని పెద్దగా నవ్వాడు. "మీ కంప్యూటరుకు తెలుగు చదవను రాదు కోడలా. రానిదాన్ని చదవమంటే ఎట్ల? బొమ్మ చేసి చూపించు. బొమ్మను చూసేదానికి చదువెందుకు?"

నిజమే. అక్షరాలను అక్షరాలుగా కాక, పేజీ మొత్తాన్నీ ఒక్క బొమ్మగా చేసి పెట్టేస్తే ఏ కంప్యూటరులోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. అంత తెలివైన ఆలోచన నాకు రాకుండా మామకు వచ్చినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది. "సరే, జరుగు మామా, నేను చేసుకుంటా," అన్నాను.

మామ జరగలేదు. బొమ్మలు చేసే ఆ ప్రోగ్రాం మీద ఆయన తప్ప ఎవరూ చెయ్యి వెయ్యడానికి లేదు, అది ఆ ప్రెస్సు కట్టుబాటు. "నువ్వు చెప్పు, నేను చేస్తా," అన్నాడు. నాయన కత్తెర మాట అప్పుడు గుర్తు రావాలి కదా? రాలేదు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "పైన పెద్దక్షరాల్లో నా పేరు పెట్టు మామా," అన్నాను.

మామ మౌసు వదిలి నా మొహంలోకి చూశాడు. ముప్పై ఏళ్లుగా పెండ్లి కార్డులు వేస్తున్న మనిషి. "పైన నీ పేరా? పైన దేవుడు లేకుండానా?" అంటూ నేను నోరు తెరిచేలోపు శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు పడిపోయాయి. వాటి కింద గద ఎత్తిన ఆంజనేయస్వామి వచ్చాడు.

"సరే, ఇప్పుడు నా పేరు."

"పెద్దోళ్లుండగా?" కీర్తిశేషులైన తాత, అవ్వల దివ్యాశీస్సులు వచ్చాయి. వాళ్ల కింద ఊరి పేర్లతో సహా పెదనాయన, పెద్దమ్మ. వాళ్ల కింద చిన్నాయన, చిన్నమ్మ. "మామా, ఇది నా సైటు. వీళ్లెవరికీ కంప్యూటరంటే ఏందో కూడా తెలీదు," అన్నాను. "నీకు పెండ్లి తెలుసునా? రేపు నీ కార్డులో నీ పేరు పడదా?" అన్నాడు. ఈ తర్కాన్ని ఎక్కడ పట్టుకుని విరవాలో తెలియక నేను వెతుకుతుండగానే, ఆంజనేయస్వామి తోక పక్కన ఖాళీ చూసుకుని తన ప్రెస్సు పేరు ఎర్రక్షరాల్లో వేసుకున్నాడు.

"ప్రెస్సు పేరు అడుగున గదా వేసేది?"

"అడుగున ఎవుడు చదువుతాడు కోడలా? ముప్పై ఏండ్లుగా అడుగున వేస్తాండా, ఒక్కడు చదివిన పాపాన పోలేదు."

"మరి నా పేరు అడుగునే గదా వస్తాండాది?"

"నీ పేరు కోసరమే వచ్చినోళ్లు అడుగుదాకా చదవకుండా పోతారా?"

నా జీవితంలో వాదన మధ్యలో లేచి మంచినీళ్లు తాగింది ఆ ఒక్కసారే. తిరిగొచ్చేసరికి నాయన పేరు, 'గారి ద్వితీయ పుత్రిక', దాని కింద 'చి.ల.సౌ.' అంటూ నా పేరు సిద్ధంగా ఉన్నాయి. నాకింకా పెండ్లి కుదరలేదని మొత్తుకున్నా, ఆడపిల్ల పేరుకు ముందు ఏదీ లేకుంటే బోడిగా ఉంటుందని తీసెయ్యలేదు. ఆ బొమ్మను అచ్చుకు పనికొచ్చేంత నాణ్యంగా, ఫ్లాపీలో సరిగ్గా పట్టేంత బరువుగా తయారుచేసి ఇచ్చాడు. సాయంత్రం ఇంటర్నెట్టు షాపులో కూర్చుని దాన్ని పైకి ఎక్కించేసరికి నా గంట టైము అయిపోయింది. తెరిచి చూసుకోలేదు. ఫ్లాపీలోంచి చూస్తే చక్కగా తెరుచుకుంటోంది కదా అనుకున్నాను. ఫ్లాపీలోంచి రావడం వేరు, ఫోను తీగలోంచి రావడం వేరు అని నేనే కదా పిల్లలకు చెప్పేది. చెప్పేవాళ్లు వినరు.

ఆదివారం పదకొండు గంటలకు సెంటరు నిండింది. గుమ్మం బయట చెప్పులు కింది దుకాణంలో కంటే ఎక్కువున్నాయి. నాయన మొదటి బస్సుకే వచ్చి, ఇస్త్రీ చొక్కాలో, వెనక వరుసలో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ముందు మౌసు మాస్టరు. అతని సైటు చకచకా వచ్చింది. పేరు ఎరుపూ నీలమూ మారుతూ మెరిసింది. అయితే ఊరికే ఇచ్చే పేజీ కాబట్టి, పైన వాళ్ల ప్రకటన ఒకటి ఉంది. మంచు ఊడ్చే యంత్రం. ముందు వరుసలో ఒక పెద్దాయన దాన్నే చూస్తూ, "ఏమప్పా, ఈ మిషను మనకాడ దొరుకుతాదా?" అన్నాడు. "మనకాడ మంచు యాడిది అన్నా?" అన్నాడు పక్కనాయన. "మంచు లేకుంటే దుమ్ము ఊడుస్తాదేమో కనుక్కోండి," అన్నాడు పెద్దాయన. ఆ తరువాత పది నిమిషాలు మౌసు మాస్టరు వెబ్ డిజైనింగ్ గురించి ఏం చెప్పినా వాళ్లు యంత్రం గురించే అడిగారు. నేను మూలన నిలబడి, లోకంలో ఇంకా న్యాయం ఉందనుకున్నాను.

తరువాత నేను. చిరునామా కొట్టి పక్కకు జరిగాను. తెర తెల్లగా ఉంది. ఉంది. అలాగే ఉంది. అప్పుడు పైనుంచి సన్నటి గీత ఒకటి దిగింది. దాని కింద ఇంకొకటి. శ్రీరస్తు సగం వచ్చింది. బొమ్మ మొత్తం పైనుంచి కిందికి గీత గీతగా రావాలని, నా పేరు అన్నిటికంటే అడుగున ఉందని నాకు అప్పుడు, ఆ క్షణంలో, అర్థమైంది.

ఆంజనేయస్వామి కిరీటం వచ్చాక సారు కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు. ఆయన పెట్టాక అందరూ పెట్టారు. గద వచ్చింది. తోక వచ్చింది. తోక పక్కన ఎర్రగా మామ ప్రెస్సు పేరు వచ్చింది. ఒకావిడ చేతిసంచిలోంచి పెన్ను తీసి రాసుకుంది. తాత పేరు, ఊరి పేరు వచ్చేసరికి ముందు వరుస పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఓరి! ఆ తాత మనవరాలివా నువ్వు? మా చిన్నత్తను ఇచ్చింది ఆ ఊరికే గదమ్మా!" ఆయన చిన్నత్త మా పెద్దమ్మకు ఏమవుతుందో తేలేసరికి పెదనాయన పేరు కూడా దిగింది. తేలిన వరుస ప్రకారం ఆయన నాకు తాతయ్యాడు. అయిన వెంటనే, "అంతా బాగుండాది గాని, ముహూర్తం ఎప్పుడు పాపా?" అన్నాడు.

"ఇది పెండ్లి కార్డు కాదు తాతా, వెబ్‌సైటు."

"ఏదో ఒకటిలే, ఎప్పుడు?"

సారు మెల్లగా నా పక్కకొచ్చి, "బాగుండాదమ్మా, శానా పద్ధతిగా ఉండాది. నీ పేరు యాడుండాది?" అన్నాడు.

"అడుగున ఉండాను సార్. వస్తాండాను."

చిన్నాయన వచ్చాడు. చిన్నమ్మ వచ్చింది. పావుగంట గడిచింది. గది మొత్తం ఊపిరి బిగబట్టి నా కోసం ఎదురు చూస్తోంది, నేనేమో వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాను. నాయన పేరు దిగింది, ఒక్కో అక్షరమూ పైభాగం ముందు, కింది భాగం తరువాత. 'గారి ద్వితీయ పుత్రిక' వచ్చింది. దాని కింద కొత్త గీత మొదలైంది. కరెంటు పోయింది. మా సెంటరు యూపీఎస్ అరవడమే గాని ఆదుకోవడం ఎరగదు. మూడుసార్లు కీచుమని అదీ ఊరుకుంది.

ఆ రోజు వెబ్ డిజైనింగ్‌లో చేరినవాళ్లు ఇద్దరు. మామకు పెండ్లి కార్డులు కావాలని పాతూరు వెళ్లినవాళ్లు ముగ్గురు. బ్యాచి మౌసు మాస్టరుకే ఇచ్చారు. "కనీసం అతని పేరు కనపడిందమ్మా," అన్నాడు సారు, నా తప్పేమీ లేనట్టు ఎంతో మర్యాదగా.

మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ నాయన వంక చూడకుండా అన్నాను, "నన్నేమీ అనొద్దు. కత్తెర మామ చేతికిచ్చినా. తెలుసు."

"నేనేమన్నాను?" అన్నాడు నాయన. చెప్పు ఒకటి తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ముప్పై ఏండ్లుగా కోసిన ప్యాంట్లు దేశమంతా పోయినాయి పాపా. ఒక్కదాని మీదన్నా నా పేరు ఉండాదా? ఈ పొద్దు అంతమంది చదివినారు." రెండో చెప్పు కూడా తొడుక్కుని, "నీకంటే నా పేరు ముందర వచ్చేది న్యాయమే గదా. నువ్వు నిదానంగా రా," అన్నాడు. గుండీల మాట ఎత్తలేదు. బస్సెక్కాక కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకో ఏడాది చూద్దాంలే," అన్నాడు. ఆ ఏడాది పూర్తి కాకముందే మౌసు మాస్టరు బెంగళూరు వెళ్లిపోవడం, ఆ బ్యాచి నాకు రావడం జరిగాయి. నోట్‌ప్యాడ్ తోనే చెప్పాను. పిల్లలు తిట్టుకున్నారు.

ఇప్పుడు నాయన మా ఇంట్లోనే ఉంటున్నాడు, కత్తెరతో సహా. మొన్న వేసవిలో మళ్లీ ఒక సైటు కట్టుకున్నాను, చేత్తోనే, ఒక్క గుర్తు కూడా ఎవరితోనూ పెట్టించుకోకుండా, తెలుగు అక్షరాలు తెలుగు అక్షరాలుగానే. నా ఫోనులో తెరిచి నాయన చేతికిచ్చాను. రెప్పపాటులో పైనే పెద్దగా నా పేరు వచ్చింది. నాయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఏం పాపా, ఇంత బిర్న వచ్చేసినావు? నడమ మేమంతా యాడికి పోతిమి?"

ఆ సాయంత్రం కూర్చుని ఒక్కొక్క పేరూ రాశాను. తాత, అవ్వ, పెదనాయన, పెద్దమ్మ. చిన్నాయనా మామా ఇద్దరిలో ఎవరు ముందన్న దాని మీద నాయనతో గంటసేపు వాదించాను, ఓడిపోయాను. ఆంజనేయస్వామిని కూడా పెట్టాను, తోక పక్కన ఖాళీ వదిలి. ఇరవై మూడేళ్ల ఆ గయ్యాళిపిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఎంత గొడవ చేసేదో తెలుసు, పాపం దానికి అప్పట్లో తొందరెక్కువ. నా సైటులో నా పేరు కనబడాలంటే ఇవాళ వేలితో నాలుగుసార్లు పైకి తోయాలి. పేజీ తెరిచి, ఏమండీ, మీరెక్కడా కనబడరే అని అడిగేవాళ్లకు ఒకటే మాట చెబుతాను: అడుగున ఉన్నాను, నిదానంగా రండి.